గెల్డ్రియా – పులికాటు : స్థలనామ నిర్వచన విచారము

ఊరిపేరు వినినంతనే దానికొక కథను కల్పించుట సర్వదేశములందును కలదు. పులికాటు పట్టణమున కలిసిన రెండు పేర్లు, ఒకటి దేశ్యము, మరియొకటి డచ్చివారిది, ఇందుకు చక్కని నిదర్శనములు.

డచ్చివారు 1610లో విజయనగర ప్రభువగు వేంకటపతిరాయల అనుమతితో పులికాటున వర్తకస్థానము నెలకొల్పిరి. 1613లో కోట కట్టి దానికి ‘గెల్డ్రియా’ యని పేరిడిరి. ఇది వారి గెల్డర్‌లాండ్ సీమపేరునకు లాటిన్ రూపము. ఆ సీమపేరు నేడు జర్మనీలోనున్న గెల్డర్న్ పట్టణమునుండి వచ్చినది. ‘గెల్రె, గెల్రె’ యని అరచుచున్న మహాసర్పమును ఒక వీరుడు చంపెననియు, ఆ అరపే ఊరిపేరాయెననియు అచ్చటి జనశ్రుతి. భాషావేత్తలు మాత్రము పసుపువన్నెను తెలుపు ప్రాచీన పదమును మూలముగా చూపుదురు. అది సాధువైనచో జర్మన్ ‘గెల్బ్’, మన ‘హరి’, ‘హిరణ్య’ శబ్దములు దీనికి జ్ఞాతులగును. మూలభాషలోని మహాప్రాణము అచట గకారముగను, ఇచట హకారముగను మారినది. లకారము మనకు రేఫమైనది.

ఇక పులికాటు. తెలుగువానికి ఇందు పులియు, దాని కాటును తోచుట సహజము. కాని డచ్చివారి వ్రాతలలో ఇది ‘పాలియాకట్టా’, తమిళమున ‘పళవేఱ్కాడు’. ఆదిని పులి లేదు. ‘వేర్ల అడవి’ యనువారును కలరు. అదియు పొసగదు, మూలార్థకమగు ‘వేర్’ సాధురేఫాంతము, ఈ నామమున నున్నది శకటరేఫము. ‘వేల్’ అనగా తుమ్మ. దానికి కకారము పరమగునపుడు లకారము ఱకారమగుట తమిళసంధి. కావున ‘పాత తుమ్మల అడవి’ యనుటయే యుక్తము. సరస్సునకు తెలుగున గల ‘ప్రళయకావేరి’ యను పేరును ఈ శబ్దమునకే సంస్కృతవేషమని నా తలంపు. కావేరీనది అచ్చటికి బహుదూరము.

పాణిని దేశనామములకు నాలుగు హేతువులు చెప్పెను: అందున్న వస్తువు, నిర్మించినవాడు, నివసించువారు, సమీపమందున్నది. ఐనను ఆ మహర్షియే, అవయవార్థమే ప్రమాణమైనచో ఆ సంబంధము తొలగినప్పుడు పేరును తొలగవలెను గదా యని హెచ్చరించెను. కోట శిథిలమైనది, డచ్చివారు పోయిరి, గెల్డ్రియా నామము నిలిచినది. సంజ్ఞకు లోకవ్యవహారమే ప్రమాణము. కావున నిర్వచనమునకు మొదట వలసినది ఆ వ్యవహారము యొక్క ప్రాచీనరూపము, అర్థము తరువాతిది.

బాన్సువాడ ప్రాంతమున పెద్ద కొడప్‌గల్ వంటి పేర్లను పరిశీలించు విద్యార్థులకు ఈ క్రమమునే నేర్పవలెను. ఓరుగల్లు ‘ఏకశిల’ యైనదని, కొడప్‌గల్ నందలి ‘గల్’ను కూడ వెంటనే శిలయని నిశ్చయింపరాదు. శాసనమును, పాత దస్తావేజును, ఇరుగుపొరుగు భాషల ఉచ్చారణను విచారించి పిమ్మట నిర్ణయింపవలెను. లేనిచో మన నిరుక్తమును ఆ మహాసర్పపు అరపువంటిదే యగును.