పోటీ పరీక్షల ప్రత్యేకం: రెండు భాషలు – మతిమరుపు వ్యాధి

పలాస, వజ్రపుకొత్తూరు వైపు తెలుగుతో పాటు ఒడియా వచ్చినవారూ ఉన్నారు. రెండో భాష మెదడుకు రక్షణ అవుతుందా? హైదరాబాద్ నిమ్స్‌లో జరిగిన పరిశోధన దీన్నే పరిశీలించింది.

- ముఖ్య పరిశోధకురాలు: న్యూరాలజిస్ట్ డాక్టర్ సువర్ణ అల్లాడి
- ప్రచురణ: ‘న్యూరాలజీ’ పత్రిక, 2013
- పరిశీలించింది: 648 మంది డిమెన్షియా (మతిమరుపు వ్యాధి) రోగులను, వారిలో 391 మంది రెండు లేదా అంతకు మించి భాషలు మాట్లాడేవారు
- ఫలితం: బహుభాషీయుల్లో, ఏకభాషీయుల కంటే, వ్యాధి లక్షణాలు సగటున 4.5 ఏళ్లు ఆలస్యంగా కనిపించాయి
- విశేషం: చదువురాని వారిలోనూ ఇలాంటి ఆలస్యమే కనిపించింది
- పక్షవాతం: 608 మంది పక్షవాత రోగులపై మరో అధ్యయనం; జ్ఞాపకశక్తి, ఆలోచన చెక్కుచెదరనివారు బహుభాషీయుల్లో 40.5 శాతం, ఏకభాషీయుల్లో 19.6 శాతం
- రోగి భాషలోనే పరీక్ష: ఐసీఎంఆర్ రూపొందించిన జ్ఞాపకశక్తి పరీక్షల సమాహారం తెలుగు, హిందీ, బెంగాలీ, కన్నడ, మలయాళ భాషల్లో ఉంది

గుర్తుంచుకోండి: రెండో భాష వ్యాధిని ఆపలేదు, ఆలస్యం చేసింది. బిట్లలో తికమక పెట్టేది ఇక్కడే.