నాచుబంతులు - వాని పోషణము

ఇటీవల పెద్ద పట్టణముల నర్సరీలయందు ఆకుపచ్చని బంతివంటి వస్తువొకటి అమ్మకమునకు వచ్చుచున్నది. పిల్లలు ముచ్చటపడుదురు, పెద్దలు కొనితెత్తురు. కత్తెర ఎండలు రాగానే అది గోధుమవన్నెకు తిరుగును, పెరటిలో పారవేయబడును. దాని స్వభావ మెరుగకపోవుటయే ఇందుకు ముఖ్యకారణము. కాన తల్లిదండ్రుల ఉపయోగార్థము కొంత వ్రాయుచున్నాను.

ముందుగా పేరు. "నాచు" అను మాటను మనము రెండు భిన్నజీవులకు వాడుచున్నాము. చెరువునీటిపై పచ్చగా తేలునది నాచే. వానకాలమున గోడలపై మఖమలువలె పరచుకొనునదియు నాచే. తమిళమునను ఇంతే. "పాసి" అను ఒక్క పదమే రెంటికిని చెల్లును; అది మన "పాచి"కి తోబుట్టువు. శాస్త్రజ్ఞులు మొదటిదానిని శైవలమనియు, రెండవదానిని మాస్ అనియు వేరుచేయుదురు. అంగడిలోని బంతులును ఈ రెండు తెగలవే. ఒకటి గాలిలో నుండవలసినది, మరియొకటి నీటిలో నుండవలసినది. ఏది కొనితిరో తెలియక పోషణ సాగదు.

గాలిలో నుండుదానికి జపాను దేశమున "కొకెదామ" అని పేరు. కొకె అనగా నాచు, తామ అనగా బంతి. మన పూలదామముతో దీనికి సంబంధము లేదు. మొక్కవేళ్ళచుట్టు మన్ను బంతిగా చేసి, పైన మాస్ కప్పి, దారముతో చుట్టుదురు. ఇంటనే చేయవచ్చును. చెరువు బంకమన్ను, కొబ్బరిపొట్టు, మాగిన పశువుల ఎరువు కలిపిన చాలును. మనీప్లాంటు సులభముగా బ్రతుకును గాని, దాని ఆకు నమలిన నోరు మండును. పాకు బిడ్డలున్న యింట ఎత్తున వ్రేలాడదీయవలెను. మాస్ కొరకు అక్టోబరు మొదలు డిసెంబరు వరకు మన జలదారి ప్రక్కను, ప్రహరీగోడపైనను వెదకుడు. వేలూరు కోటగోడలపై గీకరాదు. అది పురావస్తుశాఖ రక్షణలోనిది. జవ్వాది కొండలనుండి గోతాలతో తెచ్చుటయు తగదు; రాతిపై ఆ పచ్చదనము పరచుకొనుటకు ఏండ్లు పట్టును. మాస్ దొరకనిచో కొబ్బరిపీచు చుట్టుడు. అందము కొంత తగ్గును, మొక్క మాత్రము హాయిగా నుండును. నా మతమున మన ఎండలకు ఇదియే మేలు.

ఇక నీటి విషయము. పెక్కుమంది పొరపడునది ఇచ్చటనే. పైన నీరు చిలకరించి, బంతి పచ్చగా నున్నదని తృప్తిపడుదురు. మాస్‌కు నిజమైన వేళ్ళు లేవు. ఉన్న సన్నని మూలతంతువులు ముఖ్యముగా పట్టుకొనుటకే. అది దేహమంతటితో నీరు పీల్చును. ఎండినను అనేక జాతులు చావవు, ముడుచుకొని నిద్రించును. తడి తగులగానే తిరిగి విచ్చుకొనును. లోపలి మొక్క అట్టిది కాదు. దాని వేళ్ళచుట్టు మన్ను ఎండినచో అది చచ్చును. కావున చిలకరింపువలన పైనున్నది నవ్వుచుండగా లోనున్నది దాహముతో నుండవచ్చును. మాస్‌ను చూడక, మొక్క ఆకులను చూడుడు. బంతిని చేతబట్టి బరువు చూడుడు. తేలికయైనచో బకెట్టు నీటిలో ముంచి, బుడగలు ఆగువరకు, అనగా పది పదిహేను నిమిషములు, ఉంచవలెను. పిమ్మట నీరు కారనిచ్చి, మెల్లగా నొక్కి వ్రేలాడదీయవలెను. వేసవిలో ప్రతిదినము బరువు చూచుట అవసరము. వానకాలమున వారమునకొకమారు ముంచుటయే చాలవచ్చును. ఎల్లప్పుడు నీటిలోనే ఉంచినచో వేళ్ళు క్రుళ్ళి దుర్వాసన వచ్చును. ముంచిన నీటిని తులసికోటకు పోయుడు. మన ఊళ్ళలో బకెట్టు నీరు అల్పవస్తువు కాదు.

మన ప్రాంతమున పెక్కు బోరుబావులది కఠినజలము. కాచిన గిన్నెలో తెల్లని పొర కట్టునది అదియే; మాస్‌పైనను అట్లే పేరుకొని దానిని మాడ్చును. తమిళనాట 2003 నుండి కట్టడములన్నింటికి వాననీటి సేకరణ విధింపబడినది. మిద్దెనీరు భూమిలోనికి పోవుటకు ముందు ఒక గోలెము నింపుకొనినచో చాలును. నేరుగా ఎండ తగలని వసారా దీనికి తగిన చోటు. ఫ్యానుక్రింద ఉంచరాదు. వేసవి సెలవులలో ఊరికి పోవువారు పొరుగువారికి అప్పగించుట మంచిది.

రెండవది "మరిమొ". ఇది శైవలము, లోపల మన్ను లేదు, మొక్క లేదు, అంతయు సన్నని పోగులే. జపానులోని అకాన్ సరస్సు దీనికి ప్రసిద్ధి. అచ్చట 1921లో దీనిని ప్రకృతి స్మారకముగాను, 1952లో ప్రత్యేక స్మారకముగాను ప్రకటించిరి. అలలు దొర్లించుటవలన దీనికి గుండ్రని రూపము కలుగును. పెరుగుదల ఏటికి సుమారు 5 మిల్లీమీటర్లే. చల్లని నీటి ప్రాణి యగుటచే 25 డిగ్రీలు దాటిన నీరు దీనికి సరిపడదు. 40 డిగ్రీల ఎండకాచు మన వేలూరు సీమలో దీనిని బ్రతికించుట ప్రయాస. కొనవద్దనియే నా సలహా. ఇదివరకే కొనినవారు గాజుపాత్రను ఇంటిలో మిక్కిలి చల్లనైన మూలనుంచి, వారమునకొకమారు నీరు మార్చి, బంతిని వ్రేలితో త్రిప్పుచుండవలెను.

అది చెడినచో చెరువులోగాని పాలారులోగాని వేయకుడు. 2021లో అమెరికాలో అమ్మకమునకు వచ్చిన మరిమొ బంతులలో జీబ్రా ఆల్చిప్పలు బయటపడినవి. పరదేశమునుండి వచ్చి అచ్చటి సరస్సులను, నీటిగొట్టములను పాడుచేయు ప్రాణి అది. దక్షిణ అమెరికానుండి వచ్చిన గుర్రపుడెక్క మన చెరువులనేమి చేసినదో పిల్లలకు చూపనక్కరలేదు, వారే చూచుచున్నారు. చెడిన బంతిని మరిగించిన నీటిలో కొంతసేపు ఉంచి, చల్లారిన పిమ్మట చెత్తబుట్టలో వేయుడు. ఆ పాత్రలోని నీటిని సైతము మరిగించియే పారబోయుడు.