కట్టు విప్పడం నేర్చుకో

చిరంజీవి అమ్మాయికి,

నిన్ను సర్జికల్ వార్డులో వేశారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. డ్రెస్సింగ్ ట్రే పట్టుకుంటే చేతులు వణుకుతున్నాయని నువ్వు ఏడ్చావట. ఏం పర్వాలేదమ్మా. ఎదుటివాళ్ల పుండు చూసి మనసు కదిలేవాళ్లే ఈ పని శ్రద్ధగా నేర్చుకుంటారు. జిల్లా ఆసుపత్రిలో ఇన్నేళ్లు చేసి రిటైరైనదాన్ని, నాకు తెలిసింది రాస్తున్నాను.

కాలేజీలో మీకు కట్టు కట్టడం బాగానే నేర్పి ఉంటారు. రోలర్ బ్యాండేజీ చుట్టడం నాలుగు రోజులు చేస్తే అదే అలవాటవుతుంది. నేను చెప్పదలచుకున్నది కట్టు విప్పడం గురించి. పేషెంటు ప్రాణం విలవిల్లాడేది అప్పుడే. గాయం ఎలా ఉందో మనకు తెలిసేదీ అప్పుడే.

ట్రే సర్దుకునే ముందు కేస్ షీట్ చూడు. నొప్పి మాత్ర రాసి ఉంటే అరగంట ముందే వేయించు. అంతా అయ్యాక ఇస్తే ఏం లాభం? తెర లాగు, ఫ్యాను ఆపు, ఏం చేయబోతున్నావో పేషెంటుకు చెప్పు. చేతులు సబ్బుతో కడిగితే 40 నుంచి 60 సెకన్లు, శానిటైజరైతే 20 నుంచి 30 సెకన్లు పట్టాలి. బొటనవేళ్లు, గోళ్ల కొసలు, వేళ్ల సందులు మర్చిపోకు, అందరూ వదిలేసేవి అవే. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు ప్రసూతి వార్డులో అందరిచేతా క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించాడు. బాలింతల చావులు బాగా తగ్గిపోయాయి. అప్పటికి యాంటీబయాటిక్ అన్న మాటే లేదు.

ఇక కట్టు. గ్లౌజులు వేసుకుని, ప్లాస్టర్ని వెంట్రుకలు మొలిచిన దిక్కుగానే, చర్మాన్ని రెండో చేత్తో అదిమి పట్టుకుని, వంచి మెల్లగా తియ్యి. లోపలి గాజుగుడ్డ రసి ఎండి పుండుకు కరుచుకుపోయి ఉంటుంది. వార్డులో పని ఒత్తిడి, ఇంకా పది మంచాలు మిగిలుంటాయి, ఒక్క లాగు లాగేద్దామనిపిస్తుంది. లాగకు. సెలైన్ పోసి గుడ్డ పూర్తిగా నానేదాకా ఆగు. ఈలోపు గ్లౌజులు తీసేసి, చేతులు కడుక్కుని పక్క మంచం వాళ్లకు నొప్పి మాత్ర వేయించి రా, కానీ తిరిగొచ్చాక మళ్లీ చేతులు కడుక్కుని వేరే గ్లౌజులు వేసుకో. తర్వాత ఒక అంచు ఎత్తి చూడు. రాకపోతే ఇంకాస్త సెలైన్ పొయ్యి. ఎందుకింత చాదస్తం అంటావేమో. ఆ గుడ్డ కింద లేత చర్మం పాకుతూ ఉంటుంది, ఎర్రటి కొత్త కండ పుడుతూ ఉంటుంది. ఒక్కసారి లాగితే మడిలో అప్పుడే నాటిన నారు పీకేసినట్టే, మళ్లీ మొదటికొస్తుంది. పుండు ఆరితేనే మానుతుందని మన ఇళ్లలో గట్టి నమ్మకం. 1962లో జార్జ్ వింటర్ అనే ఆయన పందుల మీద పరీక్షించి, తేమ పోకుండా కప్పి ఉంచిన గాయం మీదే కొత్త చర్మం త్వరగా పాకుతుందని చూపించాడు.

తీసిన గుడ్డను పసుపురంగు సంచిలో పడేసే ముందు ఒకసారి చూడు. ఎంతమేర తడిసింది, రసి నీళ్లలా ఉందా, చీములా చిక్కగా ఉందా, ఆకుపచ్చ మరక ఉందా? ఆ గ్లౌజులు తీసేసి, చేతులు కడుక్కుని, స్టెరైల్ గ్లౌజులు వేసుకో. అప్పుడు పుండును సెలైన్‌తో శుభ్రం చెయ్యి. ఒక దూదితో ఒక్కసారే తుడవాలి, శుభ్రంగా ఉన్న చోటు నుంచి మురికి ఉన్న వైపుకే రావాలి. హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే నురగ వస్తుంది, చూసేవాళ్లకు భలే శుభ్రమైందనిపిస్తుంది. మానుతున్న పుండులోని కొత్త కణాలకు అది చేటు. డాక్టరు రాయనిదే ఏ మందూ పొయ్యకు.

కడిగాక పుండు రంగు చూడు. ఎర్రగా, తడిగా, గరుకుగా ఉంటే కండ పడుతోంది. పసుపుగా జిగురు పట్టి ఉంటే లోపల కుళ్లు మిగిలింది. నల్లగా ఉంటే అక్కడి కండ చచ్చిపోయింది. చుట్టూ ఎరుపు పాకుతున్నా, ముట్టుకుంటే వేడిగా ఉన్నా, కంపు కొడుతున్నా రౌండ్స్ దాకా ఆగొద్దు, వెంటనే డాక్టరుకు చెప్పు. చాలామంది కేస్ షీట్‌లో ‘డ్రెస్సింగ్ డన్’ అని రాసి సంతకం పెట్టేస్తారు. నాకు అది చూస్తే ఒళ్లు మండేది. పొడవు, వెడల్పు, లోతు సెంటీమీటర్లలో రాయి, రంగు రాయి, వాసన రాయి. రేపు నైట్ డ్యూటీకి వచ్చే సిస్టర్‌కు నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలిసేది నీ రాతను బట్టే.

కట్టేటప్పుడు కాలైతే వేళ్ల వైపు నుంచి పైకి చుట్టుకుంటూ రా. వేళ్ల కొసలు బయటికి కనపడాలి. గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి, రాకపోతే కట్టు విప్పి మళ్లీ కట్టాల్సిందే.

కోతల రోజుల్లో కొడవలి తగిలి చెయ్యో కాలో తెగినవాళ్లు వస్తారు. గాయం నిండా పసుపో, కాఫీ పొడో అద్ది ఉంటుంది. తిట్టకు. వాళ్ల చేతికి అందింది అదే. కడుగుతూ కడుగుతూనే, ఈసారి ముందు శుభ్రమైన నీళ్లు ధారగా పోసి, ఉతికిన గుడ్డతో అదిమి పట్టుకుని రమ్మని చెప్పు. ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో అడిగి డాక్టరుకు చెప్పు.

మరొక్క మాట. నీ వార్డులో ఎక్కువ మంచాలు షుగర్ పుళ్లవాళ్లవే ఉంటాయి. వాళ్లలో చాలామందికి అరికాలిలో స్పర్శ పోతుంది, చెప్పులో మేకు దిగినా తెలియదు. "నొప్పేం లేదు సిస్టర్" అన్నారంటే సంతోషపడకు, భయపడు. కట్టు ఉన్న కాలు అందరూ చూస్తారు. నువ్వు మాత్రం రెండో కాలి మేజోడు కూడా విప్పించి, అరికాలు, మడమ, వేళ్ల సందులు చూసి రా.

నీ మేనత్త