డ్రమ్ములో మేనరికం

1982 బొంబాయి బట్టల మిల్లుల సమ్మె తర్వాత మా మిల్లు తెరుచుకోలేదు. మేముండేది వర్లి బీడీడీ చాల్‌లో, అంటే కార్మికుల వరస గదుల భవనంలో. దాని వరండా చివర ఒక నీళ్ల డ్రమ్ము, అందులో గప్పీ చేపలు. మగ్గం దగ్గర గడవాల్సిన పొద్దంతా ఆ డ్రమ్ము పక్కనే గడిచింది. చాల్ పిల్లలు అడుగుతుంటే చెబుతున్నాను.

1. డ్రమ్ము నిండుగా ఉందని మురిసిపోకండి. దోమల నివారణకు బావుల్లో వదిలే ఈ చేప గుడ్లు పెట్టదు, నెలకోసారి పిల్లల్నే కంటుంది. ఒక్కసారి జతకట్టిన ఆడది ఆ వీర్యాన్ని నెలల తరబడి కడుపులో దాచుకుంటుంది. నేను క్రాఫర్డ్ మార్కెట్లో కొన్నది ఒకే ఒక్క ఆడచేప. ఏడాదికి వందలయ్యాయి. ఆ వందలకీ మూలం ఆ తల్లి ఒక్కతే.

2. దెబ్బ ఆలస్యంగా తెలుస్తుంది. మూడో ఏడు నడుం వంకర పిల్లలు పుట్టాయి, మగవాటి రంగు వెలిసింది, కాన్పుకి పిల్లలు తగ్గాయి. నీళ్లు మార్చాను, మేత మార్చాను. లాభం లేదు. నేతపని తెలిసినవాడికి ఇది వెంటనే తట్టాలి: పడుగులో ఒక నాసి పోగుంటే దానికి అడ్డంగా వచ్చే పేక గట్టిదైతే గుడ్డ నిలుస్తుంది. రెండూ ఒకే చోట నాసివైతే అక్కడే చిరుగుతుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే జన్యువులదీ అదే తీరు.

3. మనవాళ్లు గోత్రం వేరా అని చూస్తారు, తాత ఒక్కడే కదా అని చూడరు. మేనమామ కూతుర్ని చేసుకుంటే పుట్టే బిడ్డలో సగటున పదహారో వంతు జన్యువులు రెండు వైపులా ఒకే పూర్వీకుడి నకళ్లు. మేనమామనే చేసుకుంటే ఎనిమిదో వంతు. నా డ్రమ్ములో అన్నాచెల్లెళ్లే జతకట్టారు, అంటే నాలుగో వంతు! పైగా గప్పీకి ఏడాదిలో మూడు తరాలు దాటిపోతాయి.

4. అయినా మేనరికపు చేపలు చచ్చిపోతాయని ముందే తీర్పు చెప్పకండి. అమెరికాలో నెవాడా ఎడారిలో డెవిల్స్ హోల్ అని ఒకే ఒక్క నీటిగుంట ఉంది. అక్కడి పప్‌ఫిష్ అనే చేప లోకంలో మరెక్కడా సహజంగా బతకదు. 2013లో లెక్కపెడితే 35. జన్యువుల్లో సగటున 58 శాతం ఒకే నకలు. ఇంకా ఈదుతూనే ఉంది.

5. మందు బయటి చేపే. ట్రినిడాడ్ వాగుల్లో వేరే చోటి గప్పీలను కలిపితే, సంకర చేపలు ఎక్కువ కాలం బతికి ఎక్కువ పిల్లల్ని కన్నాయి. నేనూ పక్క చాల్ నుంచి నాలుగు తెచ్చాను. ఏం మారలేదు. తర్వాత తెలిసింది, అవి వాళ్లు నా డ్రమ్ములోంచి తీసుకెళ్లిన వాటి పిల్లలేనట! కుర్లా నుంచి తెచ్చాకే పుట్టే పిల్లల నడుములు తిన్నగయ్యాయి.

6. బయటిది కదా అని ఏది పడితే అది కలపకూడదు. లోనావాలా చేపల పెంపక కేంద్రంలో పెంచిన నీలి రెక్కల మహసీర్ చేపని కావేరిలో వదిలాక అది నదంతా పరుచుకుంది. కావేరి సొంత మూపురపు మహసీర్ ఇప్పుడు అంతరించే అంచున ఉంది. ఇంట్లో గప్పీలు ఎక్కువైతే పక్కింటికివ్వండి. చెరువులోనో వాగులోనో మాత్రం వదలకండి.