పెండ్లికుమారుని స్నేహితుడు

వాక్యభాగములు: యోహాను 3:22-30, న్యాయాధిపతులు 14:10-20



బెంగళూరులో మనవారి పెండ్లిండ్లకు ఒక ప్రత్యేకత ఉన్నది. ఊరిలోనైతే పెండ్లి పనులు మేనమామలు, బాబాయిలు, సంఘ పెద్దలు పంచుకుంటారు. ఇక్కడ అట్లు కాదు. కావలి నుండో ఒంగోలు నుండో తల్లిదండ్రులు శేషాద్రి ఎక్స్‌ప్రెస్ దిగేది చాలాసార్లు పెండ్లికి ముందురోజే. అంతవరకు హాలు మాట్లాడేది, వంటవారికి అడ్వాన్సు ఇచ్చేది, పాస్టరుగారి చుట్టూ తిరిగేది ఒకే గదిలో ఉండే స్నేహితుడు, లేక ఒకే హాస్టలులో ఉండే స్నేహితురాలు. చివరకు తోడు పెండ్లికొడుకుగా, తోడు పెండ్లికూతురుగా ప్రక్కన నిలబడేదీ వారే. యవ్వనస్థులు దీనిని మంచి బట్టలు వేసుకొని ఫోటోలో నిలబడే పనిగా తలంచుచున్నారు గనుక ఈ పాఠము వ్రాయుచున్నాము.

యోహాను సువార్త 3వ అధ్యాయములో బాప్తిస్మమిచ్చు యోహాను తన్ను తాను పెండ్లికుమారుని స్నేహితునితో పోల్చుకొనెను. ఇది ఊరకనే వాడిన మాట కాదు. యూదులలో ఈ స్నేహితునికి షుష్బిన్ అని పేరు. యూదయ ప్రాంతములో పెండ్లికుమారుని పక్షమున ఒకనిని, పెండ్లికుమార్తె పక్షమున ఒకనిని నియమించే ఆచారముండెననియు, గలిలయలో అట్టి ఆచారము లేదనియు వారి పాత గ్రంథములు చెప్పుచున్నవి. ఇరుపక్షములలో ఎవరును మోసము చేయకుండ చూచుట వీరి బాధ్యత. అంటే ఆ స్నేహితుడు అలంకారమునకు కాదు, కాపలాకు నిలబడేవాడు.

క్రీ.శ. 200 ప్రాంతములో కూర్చబడిన మిష్నాలో ఇంకొక సంగతి కనబడుచున్నది. షుష్బిన్ పెండ్లికి ఇచ్చిన కానుకను అప్పువలె ఎంచి, తన పెండ్లినాడు తిరిగి రాకపోతే న్యాయసభలో అడిగి రాబట్టుకొనవచ్చునట! మన చదివింపుల పుస్తకము గుర్తుకు వచ్చుట లేదా? ఎవరు ఎంత వ్రాయించారో చూచుకొని, వారింటి శుభకార్యమునకు లెక్కప్రకారము తిరిగి చదివించుట మనకును తెలిసిన పద్ధతే. అదే మిష్నాలో రబ్బీ యూదా అనునతడు, షుష్బిన్ అంతటి దగ్గరి స్నేహితుడు తన స్నేహితుని వ్యాజ్యెములో కూర్చుండుటకు తగడని చెప్పెను. తక్కిన పండితులు దానికి ఒప్పుకొనలేదు. స్నేహము మనిషి కన్ను కప్పగలదని రబ్బీ యూదా భయము. ఆ భయము మన పాఠమునకు చాల దగ్గరగా ఉన్నది.

ఇప్పుడు సంసోను పెండ్లికి రండి. తిమ్నాతులో అతనికి ముప్పదిమంది స్నేహితులు దొరికిరి. కాని వారిని అతడు ఎన్నుకొనలేదు, పెండ్లివారు తెచ్చి ఇచ్చిరి. వారు అతని విందు తినిరి, అతని భార్యను బెదిరించి విప్పుడు కథ గుట్టు లాగిరి. కడపట అతడు స్నేహితుడని ఎంచుకొన్నవానికే ఆ భార్య ఇయ్యబడెను. ఆ తరువాతి అధ్యాయములో జరిగినది మీరే చదువుకొనండి, ఆ యింట ఎవరును మిగులలేదు. ఇద్దరు స్నేహితులను ప్రక్కప్రక్కన పెట్టి చూడండి. యోహాను పెండ్లికుమారుని స్వరము విని సంతోషించి తాను తగ్గిపోయెను. తిమ్నాతువాడు ఆ పెండ్లి వలన తనకేమి లాభమో చూచుకొనెను.

అసలు కష్టము ఇక్కడ మొదలగుచున్నది. ఒకే గదిలో నాలుగేండ్లు ఉన్న స్నేహితునికి తల్లిదండ్రులకు తెలియనివి, పాస్టరుగారికి తెలియనివి తెలిసియుండును. త్రాగుడు, క్రెడిట్ కార్డు అప్పులు, దాచిపెట్టిన జబ్బు, పోయిన ఉద్యోగము, కొన్నిసార్లు మునుపే జరిగిన పెండ్లి. అమ్మాయి తరపువారు వచ్చి, “బాబూ, నీవు అతనితో ఉంటున్నావు గదా, ఎట్లాంటివాడు?” అని అడుగుదురు. అప్పుడు ఏమి చెప్పవలెను?

వినిన ప్రతి పుకారును మోసుకొనిపోయి చెప్పుట స్నేహము కాదు. విడిచిపెట్టిన పాత పాపమును త్రవ్వి చూపుటయు కాదు. కాని అవతలి మనిషి జీవితమంతయు మోయవలసిన సంగతిని దాచినయెడల అది అబద్ధమే. మత్తయి 18వ అధ్యాయములో ప్రభువు చూపిన వరుస ఇక్కడ పనికివచ్చును. ముందు స్నేహితునితో ఒంటరిగా మాట్లాడవలెను. “నీ నోటితో నీవే ఆ అమ్మాయికి చెప్పు, ప్రధానము కాకముందే చెప్పు” అనవలెను. అతనికి కొన్ని దినములు గడువివ్వవలెను. వినకపోతే పాస్టరుగారి యొద్దకు అతనిని వెంటబెట్టుకొని పోవలెను. అప్పటికిని దాచుదునంటే, “నేను నీ ప్రక్కన నిలబడను, సంతకము చేయను” అని చెప్పి, ఎందుకో పాస్టరుగారికి తెలియజేయవలెను. స్నేహము పోవచ్చును. ఆ నష్టమునకు ఓర్చుకొనక తప్పదు. అవతల ఒక సహోదరి ఉన్నదని మరువవద్దు.

సంతకమనగా ఏమో కూడ తెలిసికొనవలెను. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టము ప్రకారము పాస్టరుగారు గాక కనీసము ఇద్దరు సాక్షులు అక్కడ ఉండవలెను. రిజిస్టరులో వధూవరులతోపాటు నమ్మదగిన ఇద్దరు సాక్షులు సంతకము చేయవలెను. పెండ్లి చూడనివాడు, భోజనముల వేళకు వచ్చినవాడు సాక్షి కాడు. మొదటి భార్య ఉండగా ఆ సంగతి దాచి రెండవ పెండ్లి చేసికొనుట 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షను క్రింద పదేండ్ల వరకు శిక్ష పడు నేరము. అట్టి పెండ్లి చెల్లదు కూడ. కట్నము మాటల దగ్గర మధ్యవర్తిగా కూర్చుండే స్నేహితుడు ఇంకొకటి గమనించవలెను. 1961 నాటి వరకట్న నిషేధ చట్టము ఇచ్చినవానిని, పుచ్చుకొనినవానిని మాత్రమే గాక దానికి తోడ్పడినవానిని కూడ నేరస్థునిగా ఎంచుచున్నది. “నేను ఊరకే మాట సాయము చేసితిని” అనుట అక్కడ చెల్లదు.

మనము ముహూర్తములు చూడము గాని చట్టము మనకొక ముహూర్తము పెట్టినది! ఉదయము 6 గంటల నుండి సాయంత్రము 7 గంటల లోపలనే పెండ్లి జరుగవలెను. సిల్క్‌బోర్డు దగ్గర కారు ఆగిపోయినదని ఏడున్నరకు వచ్చుట కుదరదు. పెండ్లికుమారుని వేళకు చేర్చుట తోడు పెండ్లికొడుకు పని.

ఖర్చు సంగతి కొద్దిగా. ఎనిమిదిమందికి ఒకే రంగు పట్టుచీరలు, ఒకే రకము సూట్లు అని ఈ మధ్య అలవాటైనది. కట్టడపు పనికి పోయే సహోదరుడు, ఇండ్లలో పనిచేసే సహోదరి అప్పుచేసి అవి కొనుచున్నారు. తోడు నిలబడమని పిలిచినవారే “ఉన్నవాటిలో మంచివి కట్టుకొని రా” అని ముందుగా చెప్పినయెడల ఎంత బాగుండును! పెండ్లికి ముందు రాత్రి త్రాగుడు పార్టీ పెట్టే స్నేహితులను గురించి వేరే చెప్పనక్కరలేదు.

కడపటి మాట. నోటీసు ఇచ్చిన తరువాత పాస్టరుగారు ఇచ్చే ధ్రువపత్రము రెండు నెలల వరకే పనిచేయును గనుక తేదీ చూచుకొనండి. రిజిస్టరులో పేర్లు, ఇంటిపేర్లు ఆధార్ కార్డులోను పదవ తరగతి సర్టిఫికెటులోను ఉన్నట్లే వ్రాయబడినవో లేదో సంతకమునకు ముందు సాక్షులు ఒకసారి చదివి చూడండి. ఆ గందరగోళములో వధూవరులకు చదివే తీరిక ఉండదు.