గిటారు కొనే పిల్లలకు

భిలాయి స్టీలు ప్లాంటు వైర్ రాడ్ మిల్లులో చేసి రిటైరయ్యాను. సెక్టార్లలోని మన తెలుగు పిల్లలు గిటారు కొనడానికి నన్ను వెంటబెట్టుకెళ్తుంటారు. వాళ్లకు చెప్పేవే ఇవి.

1. రంగు తర్వాత, ముందు తీగల ఎత్తు చూడు నాన్నా. మెడ మీది పన్నెండో ఫ్రెట్ కమ్మీకీ తీగకీ మధ్య సందు ఉక్కు తీగల గిటారుకు రెండు, రెండున్నర మిల్లీమీటర్లుంటే చాలు. నాలుగుంటే లేత వేళ్లు కోసుకుపోతాయి. గిటారు మధ్యలో వదిలేసిన పిల్లలు చాలామంది ఆ నొప్పికే వదిలేశారని నా నమ్మకం.

2. మొదటి తీగ మందం 0.3 మిల్లీమీటర్లే. అయినా ఆరు తీగలూ కలిసి మెడను దాదాపు 70 కిలోల బలంతో లాగుతాయి. అందుకే తలవైపు నుంచి ఒంటికన్నుతో, రైల్ మిల్లులో పట్టా వంకర చూసేవాళ్లలా, మెడ పొడుగునా చూడు. కొద్దిపాటి వంపును లోపలి ట్రస్ రాడ్ తిప్పి సరిచేయొచ్చు. ఉక్కు తీగల గిటారుకు ఆ రాడ్ లేకపోతే ఎంత చవకైనా వద్దు.

3. నైలాన్ తీగల గిటారుకు ఉక్కు తీగలు కట్టకు. బ్రిడ్జి ఊడొస్తుంది.

4. పన్నెండో ఫ్రెట్ మీద తీగను తాకీ తాకకుండా మీటు, తర్వాత నొక్కి మీటు. రెండూ ఒకే స్వరం పలకాలి.

5. మన ఊరి వేసవి పొడిగాలికి చెక్క ముడుచుకుని, ఫ్రెట్ల కొసలు బయటికొచ్చి చేతిని గీరుతాయి. వానల్లో అదే చెక్క ఉబ్బుతుంది. స్ప్రూస్ ఏకపలక పైచెక్క బాగా మోగుతుంది కానీ ఆ గిటారును తేమ చూసుకుంటూ పెట్టెలో దాచాలి. కొత్తవాడికి ప్లైవుడ్ పైచెక్కే నయం. ఏదైనా సరే, కూలరుకు ఎదురుగా పెట్టొద్దు.

6. పాత గిటారు దొరికితే జాగ్రత్తగా చూడు, అది హవాయన్ గిటారు కావచ్చు. ఇక్కడ బెంగాలీ కుటుంబాలు చాలా ఉన్నాయి. సునీల్ గంగూలీ వాయించిన హవాయన్ గిటారంటే వాళ్లలో పెద్దవాళ్లకు ప్రాణం. అది ఒళ్లో పడుకోబెట్టి, తీగల మీద ఇనుప కడ్డీ జారుస్తూ వాయించేది. అందుకే తీగలు ఎత్తుగా కడతారు. దానిమీద నువ్వు కార్డులు పట్టలేవు. తలవైపు తీగలు ఆనే నట్టు మార్పిస్తే కొన్ని మామూలు గిటార్లవుతాయి, అన్నీ కావు.

7. ఉన్న డబ్బంతా గిటారుకే పెట్టకు. మంచి తీగలకు, ట్యూనరుకు, తీగల ఎత్తు సరిచేయించడానికి కొంత ఉంచుకో. దుర్గ్‌లో కొన్నా రాయపూర్‌లో కొన్నా ఒకే మోడల్‌లో రెండు తీయించి, రెండూ వాయించి చూడు. వాయించడం రాకపోతే వచ్చినవాళ్లను తీసుకెళ్లు. ఆదివారం పొద్దున నేను ఖాళీయే.