ట్రాలీకి కొత్త అడుగు: ఇనుప రేకా, చెక్క పలకా?

ట్రాక్టర్ ట్రాలీ అడుగు పాడైన సంగతి పైనుంచి చూస్తే తెలియదు. రేకు మీద మట్టి పేరుకుని ఉంటుంది, రంగు కూడా అక్కడక్కడా మిగిలే ఉంటుంది. ట్రాలీ కిందికి దూరి చిన్న సుత్తితో తట్టినప్పుడే అసలు విషయం బయటపడుతుంది. గట్టి రేకు ఖంగుమంటుంది. తుప్పు తిన్న చోట శబ్దం బొంగురుగా వస్తుంది, పెచ్చులు రాలతాయి. చెక్క అడుగైతే స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చితే చాలు. మంచి చెక్కలోకి మొన దిగదు, కుళ్లినదాంట్లోకి వెన్నలోకి దిగినట్టు దిగిపోతుంది. ఇలాంటి అడుగు మీదికి బస్తాలు మోసే కూలీ ఎక్కినా, గేదెను ఎక్కించినా ముందు విరిగేది కాలే.

అడుగు మార్చాలనుకోగానే చాలామంది తిన్నగా వెల్డింగ్ షాపుకు వెళ్లి "పాత రేకు తీసేసి కొత్తది వేయండి" అంటారు. చాలా సందర్భాల్లో అది సరైన నిర్ణయమే. కానీ ఎందుకు సరైనదో, ఎప్పుడు కాదో తెలియాలంటే ముందు వంగుడు లెక్క చూడాలి.

ఇనుము చెక్క కంటే బలమైనదని అందరికీ తెలుసు. సాగకుండా, వంగకుండా నిలబడే గుణాన్ని స్థితిస్థాపక గుణకంతో కొలుస్తారు. ఉక్కుకు అది సుమారు 200 గిగాపాస్కల్స్, గట్టి కలపకు 11 దరిదాపుల్లో ఉంటుంది. అంటే ఉక్కుది దాదాపు 18 రెట్లు ఎక్కువ. అయితే ఒక పలక ఎంత వంగుతుందన్నది పదార్థం ఒక్కదాని మీదే ఆధారపడదు. మందం ఘనం కూడా ఆ లెక్కలోకి వస్తుంది. మందం రెట్టింపైతే వంగుడు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. అందుకే 3 మిల్లీమీటర్ల రేకును 25 మిల్లీమీటర్ల చెక్క పలకతో పోలిస్తే ఫలితం తలకిందులవుతుంది. చెక్కే సుమారు 32 రెట్లు దృఢంగా ఉంటుంది. ఆ పలకతో సమానంగా నిలవాలంటే రేకు దాదాపు 9.5 మిల్లీమీటర్ల మందం ఉండాలి. అప్పుడు చదరపు మీటరుకు బరువు 75 కిలోలకు చేరుతుంది. అదే దృఢత్వమున్న చెక్క 19 కిలోలే తూగుతుంది.

మరి పల్లెల్లో తిరిగే ట్రాలీల్లో 3, 4 మిల్లీమీటర్ల రేకులే ఏళ్ల తరబడి ఎలా నిలుస్తున్నాయి? ఆ పని రేకు కింద ఉన్న అడ్డ ఛానళ్లు, యాంగ్లర్లు చేస్తాయి. రెండు ఆధారాల మధ్య దూరం సగమైతే వంగుడు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. పైగా రేకును నాలుగు వైపులా వెల్డింగ్ చేస్తారు కాబట్టి అది కొంతవరకు బిగించి కట్టిన పట్టాలా కూడా భారం మోస్తుంది. అందుకే రాయి పడితే సొట్ట పడుతుందే గాని చీలిపోదు. చెక్క అలా కాదు, పరిమితి దాటిందంటే ఫెళ్లున విరుగుతుంది. పాత చెక్క అడుగు తీసేసి, కింద ఛానళ్లు పెంచకుండా పల్చటి రేకు వేయిస్తే మాత్రం మొదటి కంకర లోడుకే అది అలలు తేలుతుంది. వెల్డర్లకు ఇది అనుభవంతో తెలుసు. తూకం, ధర చూసి మందం తగ్గించమని పట్టుబట్టేది ఎక్కువగా యజమానే.

బరువునూ తేలిగ్గా తీసుకోకూడదు. పది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు ఉన్న ట్రాలీకి 5 మిల్లీమీటర్ల రేకు వేస్తే అడుగు ఒక్కటే దాదాపు 220 కిలోలు. 3 మిల్లీమీటర్లదైతే 130 కిలోలు. ఆ తేడా అంటే దాదాపు రెండు యూరియా బస్తాల బరువును ప్రతి ప్రయాణంలోనూ ఊరికే మోస్తున్నట్టు.

ఇక తుప్పు. వట్టి వాన నీటి కంటే ఎరువులు ఇనుముకు ఎక్కువ హాని చేస్తాయి. పొటాష్ అని పిలిచే ఎరువు పొటాషియం క్లోరైడ్. అందులోని క్లోరైడ్ అయాన్లు తుప్పు పట్టే చర్యను వేగవంతం చేస్తాయి. యూరియా గాలిలోని తేమను పీల్చుకుంటుంది. 30 డిగ్రీల వేడిలో గాలిలో తేమ సుమారు 73 శాతం దాటితే దానంతట అదే నీరు కారుతుంది. కోస్తా జిల్లాల్లో వానాకాలంలో తేమ తరచూ అంతకంటే ఎక్కువే. అంటే చినుకు పడకపోయినా రేకు మూలల్లో చిక్కుకున్న యూరియా గింజలు అక్కడ తడిని నిలిపి ఉంచుతాయి. పేడ ఎరువు తోలే ట్రాలీదీ ఇదే పరిస్థితి.

తుప్పు ముందుగా మొదలయ్యేది రేకు మధ్యలో కాదు, అది ఛానల్ మీద ఆనే చోట. వెల్డింగ్ వేడికి అడుగు వైపు రంగు కాలిపోతుంది. అక్కడికి బ్రష్ చేరదు. ముక్కలు ముక్కలుగా వేసిన వెల్డింగ్ మధ్య సన్నని సందుల్లో నీరు నిలుస్తుంది. తుప్పు తాను తిన్న ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, ఆ సందులో పెరిగి రేకును పైకి తోస్తుంది. అందుకే రేకు బిగించక ముందే రెండు వైపులా రుద్ది ప్రైమర్ వేయడం, వెల్డింగ్ అయ్యాక సందులు మూసి కింది నుంచి మళ్లీ రంగు వేయడం అవసరం. కొత్త రేకు మీద నల్లగా మెరిసే పొరను చూసి అదే రక్షణ అనుకుంటారు. నిజానికి అది కొలిమి వేడికి ఏర్పడిన ఆక్సైడ్ పొర. అది పగిలిన చోట బయటపడ్డ ఇనుము ఇంకా త్వరగా తుప్పు పడుతుంది.

చెక్కకు శత్రువు నీరు కాదు, ఆరని నీరు. చెక్కను కుళ్లబెట్టే శిలీంధ్రాలకు తేమ, గాలి, వెచ్చదనం మూడూ కావాలి. చెక్కలో తేమ 20 శాతం లోపే ఉంటే అవి పెరగలేవు. పూర్తిగా నీట మునిగిన దుంగ కుళ్లకపోవడానికి కారణం అక్కడ గాలి అందకపోవడమే. ట్రాలీ చెక్క మాత్రం తడుస్తూ ఆరుతూ ఉంటుంది. పలక పక్కల నుంచి కంటే కోసిన కొనల నుంచి నీటిని చాలా వేగంగా పీల్చుకుంటుంది. బిగించే ముందు కొనలకు, బోల్టు రంధ్రాలకు తారు గానీ చిక్కటి రంగు గానీ పట్టించడం చిన్న పనే అయినా పలక ఆయుష్షును అదే నిర్ణయిస్తుంది.

కలప కొనేటప్పుడు వడ్రంగులు చేవ చూస్తారు. అది వట్టి నమ్మకం కాదు. చెట్టు మధ్య భాగంలోని చేవలో శిలీంధ్రాలను, చెదలను అడ్డుకునే సహజ రసాయనాలు పేరుకుంటాయి. చుట్టూ ఉండే లేతరంగు పొరలో అవి ఉండవు. టేకు పలకైనా లేతపొరదైతే త్వరగానే పోతుంది. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాలు ఎక్కించిన శుద్ధి కలప ఎక్కువ కాలం మన్నుతుంది. అయితే దాని మీద దాణా, ధాన్యం నేరుగా పోయకూడదు. కోయగా మిగిలిన ముక్కలను పొయ్యిలో పెట్టడం ఇంకా ప్రమాదం, ఆర్సెనిక్ పొగలో కలుస్తుంది.

సముద్రాలు దాటే సరుకు కంటెయినర్లు ఉక్కువే అయినా, వాటి అడుగు సాధారణంగా 28 మిల్లీమీటర్ల ప్లైవుడ్. సరుకు జారదు, మేకు దిగుతుంది, చెడిన ముక్కను మాత్రమే మార్చుకోవచ్చు. ట్రాలీకి ప్లైవుడ్ వాడాలనుకుంటే ఇళ్లలో అల్మరాలకు వాడే రకం పనికిరాదు. 72 గంటలు మరిగించినా జిగురు విడిపోకూడదన్న పరీక్షకు నిలిచే మెరైన్ రకం, అంటే ఐఎస్ 710 గుర్తున్నది కావాలి. పైపొర నార అడ్డ ఛానళ్లను దాటుతూ పడేలా పరచాలి. అంచులు మూయకపోతే మెరైన్ రకమైనా పొరలుగా విచ్చుకుంటుంది. ప్లాస్టిక్, చెక్కపొడి కలిపిన బోర్డులు చూడటానికి బాగుంటాయి గాని ఎండకు మెత్తబడి బరువు కింద నెమ్మదిగా కుంగుతాయి.

కాబట్టి అసలు ప్రశ్న ట్రాలీలో ఏం తోలుతారన్నది. ఇసుక, కంకర, పేడ ఎరువు అయితే రేకుకు పోటీ లేదు. పలకల సందుల్లోంచి ఇసుక కారిపోతుంది, తొట్టి ఎత్తినప్పుడు సరుకు చెక్క మీద సాఫీగా జారదు. పశువులను తరలించే బండికి మాత్రం చెక్కే మేలు. తడి రేకు మీద గిట్టలు పట్టు తప్పుతాయి. మే నెల ఎండకు కాలిన రేకు గిట్టలకు, టమాటా బుట్టలకు వేడిని క్షణాల్లో అందిస్తుంది. చెక్క వేడిని ఉక్కు కంటే వందల రెట్లు నెమ్మదిగా పంపుతుంది. రేకే తప్పదనుకుంటే గళ్లు తేలిన చెకర్ ప్లేటు కొంత నయం. దాని మీద రబ్బరు చాప పరిచేవారు వారానికోసారైనా చాప ఎత్తి ఆరబెట్టాలి, లేదంటే తుప్పు కనబడకుండా పెరుగుతుంది. ఎరువు దించిన సాయంత్రమే అడుగు కడిగి, వెనక తలుపు తెరిచి, ముందు భాగం కాస్త ఎత్తుగా ఉండేలా బండి నిలిపితే నీరంతా రాత్రికే కారిపోతుంది.